మీరేం పని చేస్తారు? ఉమ్మడి ప్రకాశం జిల్లాలో ఐదు రోజులు

మొదటి రోజు: కొండపి దారి

తెల్లవారుజామున ఒంగోలు బస్టాండులో దిగేసరికి మావయ్య బండికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఫిబ్రవరి మొదటి వారం, మంచు ఇంకా వదల్లేదు. "చెవులకు గుడ్డ కట్టుకోమ్మాయ్, బండి మీద చలి కొడతది" అని భుజం మీది తువ్వాలు తీసి ఇచ్చాడు.

నేను హైదరాబాద్‌లో నర్సుగా చేస్తున్నాను. ఐదు రోజులు సెలవు పెట్టి ఈ తిరుగుడు ఎందుకో ముందే చెప్పాలి. మా పెదనాన్న మార్కాపురంలో పలకల పని చేసి, దగ్గి దగ్గి పోయాడు. రెండుసార్లు ఆరేసి నెలలు టీబీ మందులు మింగాడు. కళ్లె పరీక్షలో ఎప్పుడూ క్రిములు కనిపించలేదు, అయినా మందులు ఆగలేదు. ఇన్నేళ్లలో ఆయన్ని "నువ్వేం పని చేస్తావయ్యా" అని ఏ ఆసుపత్రిలోనూ అడగలేదు. నర్సునయ్యాక నేను కూడా కొన్ని వేలమంది రోగుల పేర్లు, వయసులు రాసుకున్నాను. వాళ్ల పని ఏమిటో రాసుకోలేదు. అందుకే సొంత జిల్లాలో మనుషులు ఏం పని చేస్తారో, ఏ నీళ్లు తాగుతారో చూద్దామని బయలుదేరాను.

టంగుటూరు దాటి కొండపి వైపు తిరిగాక రోడ్డుకు రెండు పక్కలా పొగాకు చేలు. పొద్దు పొడవకముందే రెలుపు మొదలైపోయింది. అడుగు ఆకుల నుంచి మొదలుపెట్టి, పండిన ఆకుల్ని తుంచి చంకలో ఇరికించుకుంటూ సాలు వెంబడి పోతున్నారు. మంచుకు ఆకులన్నీ తడిసి ఉన్నాయి. ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల చొక్కాలు తొడుక్కున్నారు. చేతులు మోచేతి దాకా నల్లటి జిగురు. ఒకామె అరచేయి చూపించి, "సబ్బుతో రుద్దినా పోదమ్మా. అన్నం కలుపుకుంటే చేదు. మొదట్లో ఏడుపొచ్చేది, ఇప్పుడు అలవాటైపోయింది" అంది.

గట్టు మీద ఒక చిన్నమ్మాయి తల పట్టుకుని కూర్చుని ఉంది. పెళ్లయి ఈ ఊరొచ్చిందట, పొగాకు పనికి ఇదే మొదటి ఏడాది. అప్పటికే రెండుసార్లు వాంతి చేసుకుంది. పక్కవాళ్లు పైత్యమన్నారు, ఎండకు అలవాటు లేదన్నారు. కానీ అప్పటికి ఎండే రాలేదు.

దీన్ని పచ్చి పొగాకు జబ్బు అంటారు. ఆకు మీది మంచులో నికోటిన్ కరుగుతుంది. ఆ నీళ్లు చొక్కాను తడిపి, చొక్కా ఒంటికి అంటుకుని ఉన్నంతసేపూ చర్మంలోంచి రక్తంలోకి దిగుతూ ఉంటుంది. కొన్ని గంటల్లో తల తిరగడం, కడుపులో తిప్పడం, వాంతులు, ఒళ్లంతా నీరసం. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. అందుకే ఆసుపత్రి దాకా రాదు. వచ్చినా వడదెబ్బ అనో, పురుగుమందు పడిందనో రాసి సెలైన్ పెడతారు. బీడీ, సిగరెట్ తాగేవాళ్ల ఒంటికి నికోటిన్ ముందే అలవాటు కాబట్టి వాళ్లకు ఇంతగా తెలియదు. బాధంతా ఈ అమ్మాయిలాంటి వాళ్లకు, పిల్లలకు.

మంచు ఆరాక కోయడం, తడిసిన బట్ట వెంటనే మార్చుకోవడం, నీళ్లు దిగని తొడుగులు వేసుకోవడం, పని అయిన వెంటనే సబ్బుతో కడుక్కోవడం. ఇంతకు మించి మందేం లేదు. ఈ మాట చెబితే ముఠా పెద్ద ఒప్పుకున్నాడు గానీ, "ఎండెక్కాక మొదలెడితే సాయంత్రానికి బ్యారన్ నిండదమ్మా" అన్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. బ్యారన్ అంటే ఆకు ఆరబెట్టే కొట్టం. అది నిండితేనే కూలి.

సాయంత్రం ఆ బ్యారన్ దగ్గరే గడిపాం. ఆకు అల్లిన కర్రల్ని లోపల దూలాల మీద అంచెలంచెలుగా ఎక్కి వేలాడదీస్తున్నారు. పైన ఉన్నవాడి కాలి కింద చేతి మందం కర్ర తప్ప ఏమీ లేదు. తర్వాత వారం రోజుల పాటు కింద పొయ్యిలో కట్టెలు మండుతూనే ఉండాలి. లోపలి వేడిని కొద్దికొద్దిగా పెంచుతూ చివరికి 70 డిగ్రీల దాకా తీసుకెళ్తారు. రాత్రంతా పొయ్యి చూసుకునే మనిషి ఆ పొగలోనే గోనె పరుచుకుని పడుకుంటాడు.

రెండో రోజు: చీమకుర్తి

ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు పట్టుకుంటే ఎదురుగా వచ్చే లారీలను బట్టే చీమకుర్తి దగ్గర పడిందని తెలుస్తుంది. ఒక్కో లారీ మీద ఒక్కటే బండ, లేదంటే రెండు. గొలుసులు కట్టి, మెల్లగా పోతుంటాయి. ఇక్కడి నల్ల గెలాక్సీ రాయి ప్రపంచమంతా పోతుంది. నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరుస్తుంటాయి. బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల వచ్చే మెరుపు అది. వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ, రాళ్ల శాస్త్రం తెలిసినవాళ్లు దీన్ని గాబ్రో అంటారు. అసలు గ్రానైట్‌లో ఉన్నంత క్వార్ట్జ్ ఇందులో ఉండదు. ఊపిరితిత్తులకు హాని చేసే సిలికా ముఖ్యంగా క్వార్ట్జ్‌లోనే ఉంటుంది కాబట్టి ఈ సంగతి ముఖ్యం. తెల్లగా లేచే దుమ్ములన్నీ ఒకటి కావు. ఏ రాయిని కోస్తున్నారో అడగకుండా జబ్బు గురించి మాట్లాడకూడదని నాకు ఇక్కడే అర్థమైంది.

క్వారీ అంచు నుంచి కిందికి చూస్తే కళ్లు తిరిగాయి. మెట్లు మెట్లుగా కోసుకుంటూ దిగిపోయారు. అడుగున మనుషులు అగ్గిపుల్లల్లా కనిపిస్తున్నారు. వజ్రపు రంపపు తీగ బండ చుట్టూ తిరుగుతూ కోస్తుంటే దానికి ఎదురుగా ఎవరూ నిలబడకూడదని అక్కడి మేస్త్రీ మమ్మల్ని పక్కకు లాగాడు. తీగ తెగితే దాని పూసలు తూటాల్లా వస్తాయట.

ఈ రోజు గురించి నేను రాయాలనుకున్నది మాత్రం క్వారీ లోపలి సంగతి కాదు. మావయ్య సంగతి.

మావయ్య పెళ్లికి ముందు ఆరేళ్లు ఇక్కడే జాక్‌హ్యామర్ పట్టాడు. ఆ విషయం నాకు లీలగా తెలుసు. బండి మీద నిన్నటి నుంచి నేను మాట్లాడుతున్నవి సగం ఆయన పట్టించుకోవడం లేదని లోపల కొంచెం నొచ్చుకుంటూ ఉన్నాను. మా ఇంట్లో ఆయనకు "మాట వినడు" అనే పేరు ఉండనే ఉంది. టీ కొట్టు దగ్గర కూర్చున్నప్పుడు ఆయనకు ఫోన్ వచ్చింది. మనవరాలు. నాలుగేళ్ల పిల్ల ఏదో చెబుతోంది. ఈయన "ఊఁ, ఊఁ" అని ఊరికే నవ్వుతున్నాడు. ఫోన్ పెట్టేశాక "ఏమంది మావయ్యా" అన్నాను. కాసేపు ఆగి, "ఏందోనమ్మా. దాని మాట నాకు తెలవదు. మళ్లీ చెప్పమంటే కోడలు దాన్ని కొడతదని అడగను" అన్నాడు.

అప్పుడు వరసగా అడిగాను. మగవాళ్ల మాట వినిపిస్తుందట. ఆడవాళ్లది, పిల్లలది మాట ఉన్నట్టు తెలుస్తుంది గానీ ఏమన్నారో తెలియదట. రాత్రిళ్లు చెవిలో కీచురాయి కూసినట్టు ఉంటుందట. ఎప్పటి నుంచి? "క్వారీ మానేసిన కాడి నుంచీ ఉందిలే" అన్నాడు.

జాక్‌హ్యామర్ మోత 100 డెసిబెల్స్ దాటుతుంది. మన దేశంలో రోజుకు 8 గంటల పనికి పెట్టిన హద్దు 90. పది తేడా అంటే కొంచెమే అనిపిస్తుంది. కానీ డెసిబెల్ లెక్కలో 3 పెరిగిన ప్రతిసారీ చెవికి తగిలే శక్తి రెట్టింపవుతుంది. ఆ దెబ్బకు లోపలి చెవిలో వెంట్రుకల్లాంటి సన్నని కణాలు చచ్చిపోతాయి, మళ్లీ మొలవవు. ముందుగా పోయేది 4000 హెర్ట్జ్ దగ్గరి సన్నని ధ్వనులు. స, శ, త, చ లాంటి హల్లులు, పిల్లల గొంతులు. మామూలు మోతలు వినిపిస్తూనే ఉంటాయి కాబట్టి చెవుడు అని ఎవరూ అనుకోరు. పెళ్లాం పిలిస్తే పలకడని అనుకుంటారు.

ఆయన చేతులు కూడా పట్టుకు చూశాను. చలికి వేళ్ల కొసలు తిమ్మిరెక్కుతాయని, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టంగా ఉంటుందని చెప్పాడు. ఏళ్ల తరబడి అదురుడు పట్టిన చేతులకు వచ్చే బాధ అది. ఆ ఆరేళ్లలో చెవులకు పెట్టుకోవడానికి మీకేమన్నా ఇచ్చారా అంటే, "దూది పెట్టుకునేవాళ్లం" అన్నాడు. దూది ఆ మోతను ఆపలేదు.

తిరుగు దారిలో నేను ఆయన వీపుకు దగ్గరగా జరిగి, గొంతు కొంచెం లావు చేసుకుని మాట్లాడాను. అన్నిటికీ జవాబు చెప్పాడు.

మూడో రోజు: పొదిలి, దర్శి పల్లెలు

ఈ నేలకు వైద్య చరిత్రలో చోటుంది. 1937లో హెచ్.ఇ. షార్ట్ అనే వైద్యుడి బృందం మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుములు బిగుసుకుపోయిన మనుషుల్ని పరీక్షించి, దానికి కారణం బావి నీళ్లలోని ఫ్లోరైడ్ అని రాసింది. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొదట బయటికొచ్చిన సంగతి అదే. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, 1970లో ఏర్పడింది. పొదిలి, దర్శి, కనిగిరి వైపు పల్లెలన్నీ అప్పుడు నెల్లూరు కిందే ఉండేవి. ఫ్లోరైడ్ అనగానే అందరికీ నల్లగొండ గుర్తొస్తుంది. గుర్తు రావలసిందే, ఆ జిల్లా పడ్డ బాధ అంతా ఇంతా కాదు. కానీ మా వైపు ముసలివాళ్లు కూడా ఇన్నేళ్లుగా నడుము పట్టుకునే నడుస్తున్నారు.

పొదిలికి అవతల ఒక పల్లెలో రచ్చబండ మీద ఐదారుగురు పెద్దమనుషులు కూర్చుని ఉంటే, అడిగి మూడు పనులు చేయించాను. గడ్డం ఛాతీకి ఆనించమన్నాను. చేతులు తల వెనక్కి పెట్టుకోమన్నాను. మోకాళ్లు వంచకుండా కాలి బొటనవేలు ముట్టుకోమన్నాను. యంత్రాలేవీ లేకుండా ఊళ్లో చేసుకోగల పరీక్ష ఇది. మూడూ చేయగలిగినవాడు ఒక్కడే. ఒకాయనకు నేను పక్కనుంచి పిలిస్తే తల తిరగలేదు, మనిషి మొత్తం తిరిగాడు. "వయసు మీద పడింది గదమ్మా" అన్నాడు. వయసెంత అని అడిగితే యాభై రెండు.

నేలలోని గ్రానైట్ జాతి రాళ్లలో ఫ్లోరైడ్ ఖనిజాలుంటాయి. నీరు ఎంత లోతున, ఎంతకాలం ఆ రాతిని అంటుకుని ఉంటే అంత కరుగుతుంది. కాబట్టి కరువొచ్చి బోరు లోతుకు దింపిన కొద్దీ కొన్నిచోట్ల ఈ బెడద పెరుగుతుంది. రంగు ఉండదు, వాసన ఉండదు. కాస్తే పోతుందని ఒకావిడ నమ్మకంగా చెప్పింది. కాస్తే పోదు. నీరు ఆవిరై మిగిలినది ఇంకా చిక్కబడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, మన భారతీయ ప్రమాణం 1 మిల్లీగ్రాము దాటకుంటే మంచిదంటుంది. పళ్లు ఏర్పడే వయసులో, అంటే ఎనిమిదేళ్లలోపు, పిల్లలు ఈ నీళ్లు తాగితే గార పట్టిన పళ్లు వస్తాయి. ఎన్ని పొళ్లతో తోమినా ఆ మచ్చ పోదు, అది పైన పట్టింది కాదు. పెద్దయ్యాక ఎముకల్లో పేరుకుంటుంది. వంగిన ఎముకను వెనక్కి తెచ్చే మందు ఇప్పటిదాకా లేదు. నీళ్లు మార్చడం, పాలు, ఆకుకూరలు, రాగుల వంటి కాల్షియం ఉన్న తిండి పెట్టడం, ఉసిరి, జామ లాంటివి తినిపించడం, అంతే.

నీళ్లు మార్చడం తెలియక కాదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దింపే నల్లగొండ పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలోనే తయారుచేసింది. ఇప్పుడు చాలా ఊళ్లలో నీళ్ల ప్లాంట్ ఉంది. పొద్దున్నే క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడుతున్నారు. శ్రీశైలం జలాశయం నుంచి వెలిగొండ సొరంగాల్లో కృష్ణా నీళ్లు వస్తాయని ఇక్కడ ఒక తరం మొత్తం ఎదురుచూసింది.

అయితే ఒక కంది చేలో కనిపించినది నా మనసులోంచి పోవడం లేదు. ఏడుగురు ఆడవాళ్లు కంది కట్టె కోస్తున్నారు. చెట్టు నీడన రెండు ప్లాస్టిక్ బిందెలు. ఈ నీళ్లు ఎక్కడివి అని అడిగాను. పొలంలో బోరువి. మరి ఇంట్లో? "ఇంట్లో క్యాన్ నీళ్లే తాగుతాం. పిల్లలకు బోరు నీళ్లు తాపం" అంది ఒకామె గర్వంగా. ఎండలో కోత పనికి మనిషి రోజుకు నాలుగైదు లీటర్లు తాగుతుంది. ఇంటికొచ్చాక తాగేది రెండు చెంబులు. క్యాన్ నీళ్లు ఇంటి దాకానే వచ్చాయి. పనిలో తాగే నీళ్ల గురించి ఎవరూ ఆలోచించలేదు. లెక్క తీసేవాళ్లు ఇంటికొచ్చి "ఏ నీళ్లు తాగుతున్నారు" అని అడిగితే ఆమె నిజమే చెబుతుంది, "ప్లాంట్ నీళ్లు" అని.

పొద్దున వచ్చేటప్పుడు ఒక క్యాన్ చేలోకి తెచ్చుకోలేరా అని అడిగాను. ఆటోలో పన్నెండు మందిమి ఎక్కుతాం, క్యాన్ ఎక్కడ పెట్టాలి అన్నారు. నా దగ్గర జవాబు లేదు. యజమాని ట్రాక్టర్ మీద తెప్పించవచ్చు. ఆ మాట ఆయనతో వాళ్లు అనలేరు. నేను అన్నాను. చూద్దాంలే అన్నాడు.

నాలుగో రోజు: మార్కాపురం

పొద్దున కొనకనమిట్ల దాటాక పంచరు పడి గంటన్నర పోయింది. చింతచెట్టు కింద కూర్చుని మావయ్యకు రమజ్జినీ కథ చెప్పాను, గట్టిగా, మెల్లగా. ఇటలీలో ఒక వైద్యుడు. పాయిఖానా గుంతలు తోడేవాళ్ల దగ్గర నుంచి అద్దాలు చేసేవాళ్ల దాకా పనివాళ్లందరినీ దగ్గరుండి చూసి, ఏ పనికి ఏ జబ్బు వస్తుందో 1700లో రాశాడు. రోగిని అడిగే ప్రశ్నలకు ఇంకొకటి చేర్చమని తోటి వైద్యులను కోరాడు: నువ్వేం పని చేస్తావు? "మూడొందల ఏళ్ల కిందే చెప్పాడా" అన్నాడు మావయ్య.

మధ్యాహ్నానికి నల్లమల కొండలు కనిపించాయి. ఒకప్పుడు తెలుగు పల్లెల్లో బడికి పోయే పిల్లల చంకలో పలక చాలావరకు మార్కాపురం నుంచి వచ్చిందే. నేను అక్షరాలు దిద్దినదీ పెదనాన్న చేతి పలక మీదే. చెక్క చట్రంలో నున్నటి నల్ల రాయి, తడిగుడ్డతో తుడిస్తే నిగనిగలాడేది. ఇప్పుడు రాత పలకలు తగ్గిపోయాయి. అదే రాతిని గోడలకు, నేలకు వేసే డిజైన్ పలకలుగా కోసి విదేశాలకు పంపుతున్నారు.

పెదనాన్న తోటివాడొకాయన వెంట ఉండి రెండు మూడు షెడ్లు చూపించాడు. ఒక షెడ్డులో కోత యంత్రం మీద నీళ్లు ధారగా పడుతున్నాయి. దుమ్ము బురదై కిందికి కారిపోతోంది, గాలి శుభ్రంగా ఉంది. మరో షెడ్డులో అంచులు పొడిగా అరగదీస్తున్నారు. తలుపులోంచి పడే ఎండలో దుమ్ము పొగలా లేచింది. మనుషుల కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు అన్నీ బూడిద రంగు. ముక్కులకు రుమాళ్లు కట్టుకున్నారు. కంటికి కనిపించే ఆ దుమ్ము ముక్కులో, గొంతులో ఆగుతుంది, తుమ్మితే పోతుంది. చంపేది కనిపించని దుమ్ము, వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని రేణువులు. రుమాలు దాన్ని ఆపలేదు. ఊపిరితిత్తుల అడుగుకు చేరిన సిలికా రేణువును మింగిన రక్షక కణం తానే చచ్చిపోతుంది. అక్కడ మచ్చ కడుతుంది. రేణువు మాత్రం బయటపడి ఇంకో కణాన్ని చంపుతుంది. అందుకే పని మానేసినా జబ్బు ముదురుతూనే ఉంటుంది. దాని పేరు సిలికోసిస్.

ఎక్స్‌రేలో ఈ మచ్చలు ఎక్కువగా ఊపిరితిత్తుల పై భాగంలో కనిపిస్తాయి, టీబీ కూడా అక్కడే. పైగా సిలికోసిస్ ఉన్నవాళ్లకు నిజంగానే టీబీ వచ్చే ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి పెదనాన్నకు టీబీ మందులు ఇచ్చిన డాక్టర్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. పని ఏమిటో అడిగి ఉంటే సిలికోసిస్ గురించి కూడా ఆలోచించేవాళ్లు. పని మాన్పించేవాళ్లు. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే సిలికోసిస్ కనిపిస్తే వైద్యుడు ప్రభుత్వానికి తెలియజేసి తీరాలని ఉండేది. జబ్బు పనివల్ల వచ్చిందని తేలితే పెదనాన్న రోజుల్లోనే 1923 నాటి చట్టం కింద పరిహారం ఉండేది. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో పలక బలపాలు కోసే కార్మికులను అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరీక్షించి ఈ జబ్బు ఎంత తీవ్రమో దశాబ్దాల కిందటే చూపించింది. రాజస్థాన్ 2019లో దీనికోసం ప్రత్యేకంగా ఒక విధానమే తెచ్చింది. ఇవన్నీ కాగితం మీద ఒక మాట పడితేనే మొదలవుతాయి.

రాత్రి పెద్దమ్మ ఇనప్పెట్టెలోంచి పెదనాన్న కార్డులు తీసింది. రెండు టీబీ కార్డులు. పేరు ఉంది, బరువు ఉంది, ఏ రోజు ఏ మాత్ర వేసుకున్నాడో గళ్లలో టిక్కులు ఉన్నాయి. ఒక్క రోజు కూడా తప్పలేదు. "నర్సమ్మ చెప్పినట్టే మింగాడమ్మా, పాలు పోసుకుని మింగేవాడు" అంది పెద్దమ్మ. నేను ఆ టిక్కులు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

అప్పుడే పక్కింటి అబ్బాయి గడపలో నిలబడ్డాడు. ముప్పై ఆరేళ్లు. "అక్కా, నువ్వు నర్సువంట గదా, మూడు నెలల నుంచి మెట్లెక్కితే ఆయాసం" అన్నాడు. గడప దాకా వచ్చినందుకే అతని భుజాలు ఎగసిపడుతున్నాయి.

ఐదో రోజు: ఆసుపత్రి

పొద్దున్నే అతన్ని తీసుకుని వెళ్లాను. ఓపీ చీటీలో పేరు, వయసు, ఊరు. పక్కన ఖాళీ ఉంది. నా పెన్ను తీసి ఆ ఖాళీలో రాశాను: పలకల పని, 14 ఏళ్లు.

డాక్టరు చిన్నవయసు మనిషి. చీటీ అందుకుని, ఎక్స్‌రేకు రాయబోతూ ఆగాడు. నేను రాసిన ముక్క దగ్గర వేలు పెట్టి, తలెత్తి అతన్ని చూశాడు.

"కోత పనా, పాలిష్ పనా?"

"రెండూ సార్. ముందు కోత, పెళ్లయ్యాక పాలిష్."

"నీళ్లు పెట్టి కోస్తారా, పొడిగానా?"

అతను నా వైపు ఒకసారి చూసి, కుర్చీ ముందుకు జరుపుకుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.